దొంగిలించిన ట్రాలీ రెండు టోల్‌గేట్లు దాటిపోయింది. రోడ్డు పక్క రేడియోతో బండిని కాపాడుకునే దారి ఉందా?

పరకాల మిర్చి రైతు (ప్రశ్న)

నమస్తే. మాది పరకాల దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల మిర్చి, కొంత పత్తి. ఐదేళ్ల కిందట ఫైనాన్సు మీద ఒక ట్రాలీ, అంటే సరుకు మోసే చిన్న నాలుగు చక్రాల బండి, తీసుకున్నాను. సొంత పంటతో పాటు ఊళ్లో పదిమంది సరుకును ఎనుమాముల మార్కెట్‌కు చేర్చేవాణ్ని. ఆ కిరాయితోనే నెలనెలా కిస్తీ కట్టుకుంటూ వచ్చాను. ఇంకా ఏడు కిస్తీలు ఉన్నాయనగా బండి పోయింది.

మార్చి నెల. మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజులు. సాయంత్రం బస్తాలు దించి, మర్నాడు కాంటా అయ్యేదాకా ఉందామని అడ్తి దుకాణం వరండాలోనే పడుకున్నాను. బండిని ఎదురుగా వేపచెట్టు కింద పెట్టాను. స్టీరింగ్ తాళం వేశాను, తాళంచెవి జేబులోనే ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చి చూస్తే చెట్టు కింద బండి లేదు. టార్పాలిన్ కట్టుకునే తాడు ముక్క ఒకటి పడి ఉంది.

ఎవరైనా తెలిసినవాళ్లు పక్కకు జరిపారేమోనని ఆ వీధంతా తిరిగాను. తరువాత ఫోను తీశాను. రెండు సందేశాలు ఉన్నాయి. ఒకటి రాత్రి 1:52కు, రెండోది 3:17కు. ఫాస్టాగ్ ఖాతాలోంచి టోలు డబ్బు తీసుకున్నట్టు. నేను నిద్రలో ఉండగా నా బండి రెండు గేట్ల దగ్గర తన నంబరు చెప్పి, నా డబ్బే కట్టి, గేటు ఎత్తించుకుని వెళ్లిపోయింది. ఆ సందేశాలను ఇప్పటికీ చెరిపేయలేదు.

ఆ గేట్ల పేర్లు, ఠాణా పేరు ఇక్కడ రాయను. నాకు కావలసింది జవాబు. ముందు ఫాస్టాగ్ హెల్ప్‌లైన్‌కు ఫోను చేశాను. ట్యాగును ఆపేయమంటారా అని అడిగారు, ఆపేయమన్నాను. మా బావమరిది మోటార్‌సైకిల్ మీద రెండో గేటుకు వెళ్లాడు. అక్కడివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. "ట్యాగులో డబ్బు ఉందా లేదా అన్నదే మాకు తెర మీద కనిపిస్తుంది. బండి పోయిందని మాకెలా తెలుస్తుంది?" అన్నారు. ఫిర్యాదు కాగితం తెస్తే తప్ప కెమెరా దృశ్యాలు చూపించలేమన్నారు. ఆ కాగితం చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఇప్పటికి ఐదు నెలలు. బండి జాడ లేదు.

రోడ్డు పక్కనున్న యంత్రం నా బండిని చీకట్లో కూడా గుర్తుపట్టింది. అదే యంత్రానికి "ఈ బండి పోయింది" అన్న కబురు ముందే అందే దారి ఉందా? పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి, బండ్లు రోడ్డు పక్క స్తంభాలతో రేడియోలో మాట్లాడుకునే పద్ధతి వస్తోందని చెబుతున్నాడు. దానితో దొంగతనాలు ఆగుతాయా? ఈ దసరాకు మళ్లీ అప్పు చేసి పాత ట్రాలీ ఒకటి కొనక తప్పదు. దానికి ఏమి బిగించుకోవాలి? తెలిసినవాళ్లు నాకు అర్థమయ్యేలా చెప్పండి.

హనుమకొండ ట్రాకర్ల మెకానిక్ (జవాబు)

అన్నా, చదివి మనసు కలుక్కుమంది. బడి బస్సులకు, లారీలకు పదకొండేళ్లుగా ట్రాకర్లు బిగిస్తున్నాను. నాకు తెలిసింది చేతిపని, అదే చెబుతాను.

ట్రాకరు చేసేది రెండు పనులు. ఉపగ్రహాల సంకేతాలు విని తానెక్కడ ఉందో లెక్కకడుతుంది, ఆ లెక్కను సిమ్ము ద్వారా మీ ఫోనుకు పంపుతుంది. ఈ రెండింటిలో ఏది తెగినా మీకు కబురు ఆగిపోతుంది. దొంగలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే బండి ఎక్కగానే డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వైరు లాగేస్తారు, లేదా బ్యాటరీ తీగ విప్పుతారు. చాలామంది మెకానిక్‌లు పరికరాన్ని సరిగ్గా అక్కడే బిగిస్తారు, సులువు కాబట్టి. మీ బండికి అలా బిగించనివ్వకండి.

నేనైతే రెండు పెడతాను. ఒకటి బండి బ్యాటరీకి కలిపి. అది దొంగకు దొరికినా పరవాలేదు. వైరు పీకిన క్షణమే "కరెంటు పోయింది" అని మీ ఫోను మోగించే రకం తీసుకోండి, ఆ మోత మామూలు సందేశంలా కాకుండా నిద్ర లేపేలా పెట్టుకోండి. మీకు 1:52కే సందేశం వచ్చింది, కానీ అది మిమ్మల్ని లేపలేదు. రెండోది సొంత బ్యాటరీతో నడిచే చిన్న డబ్బా. అది రోజంతా నిద్రపోతూ ఒకటి రెండుసార్లు మేల్కొని తన చోటు చెప్పి మళ్లీ నిద్రపోతుంది. వైరు ఉండదు కాబట్టి వెతికినా తొందరగా చిక్కదు. ఇనుప రేకు కింద పెడితే ఆకాశం కనిపించదు, పనిచేయదు. సీటు కుట్టు లోపలో, ప్లాస్టిక్ భాగం వెనుకో పెట్టాలి. ఎక్కడ పెట్టారో మీకు, మెకానిక్‌కు తప్ప మూడో మనిషికి చెప్పకండి. బావమరిదికి కూడా వద్దు.

కొనేటప్పుడు ఏఐఎస్-140 ప్రమాణం ఉన్నది అడగండి. అది ప్రయాణికుల బండ్ల కోసం పెట్టింది. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రోడ్డెక్కే ప్రయాణికుల రవాణా వాహనాలకు వర్తించింది. దాని ప్రకారం పరికరంలో కనీసం నాలుగు గంటలు నిలిచే సొంత బ్యాటరీ ఉండాలి, మన నావిక్ ఉపగ్రహాలను కూడా అందుకోవాలి. ట్రాలీకి అది చాలా నికరమైన సరుకు.

ఒక హెచ్చరిక. ఫోను నుంచి ఇంజను ఆపేసే రిలే బిగిస్తామని కొందరు వస్తారు. ఆగి ఉన్న బండి మళ్లీ స్టార్టు కాకుండా చేసే రకమైతే సరే. పరుగెత్తే బండిని ఆపే రకం నేను బిగించను. ఇంజను ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు వచ్చే ఊతం తగ్గుతుంది. వెనుక గ్రానైటు లారీ వస్తుంటే ఏమవుతుందో మన కరీంనగర్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు వేరే చెప్పాలా?

ఇక తాడ్వాయి దాటి ఏటూరునాగారం అడవిలోకి పోతే సిగ్నలు లేని చోట్లు చాలా ఉన్నాయి. మంచి పరికరం అప్పటిదాకా ఉన్న లెక్కలు దాచిపెట్టి సిగ్నలు రాగానే పంపుతుంది. తక్కువ ధరవి దాచవు.

కాజీపేట రేడియో ఇంజనీరు (జవాబు)

రైతు గారూ, నేను కాజీపేట రైల్వే కాలనీలో పెరిగినవాణ్ని. ఇప్పుడు బెంగళూరులో, బండ్లలో వాడే రేడియో పరికరాలను పరీక్షించే పనిలో ఉన్నాను. మీ ప్రశ్న నన్ను రెండు రోజులుగా వదలలేదు. మీ అబ్బాయికి కూడా చదివి వినిపించండి.

ముందు ఆ రాత్రి గేటు దగ్గర జరిగింది చూద్దాం. ఫాస్టాగ్‌లో బ్యాటరీ లేదు. అద్దానికి అంటించిన ఆ స్టిక్కరు లోపల సన్నని లోహపు యాంటెన్నా, దాని మధ్య ఆవగింజ కన్నా చిన్న చిప్పు ఉంటాయి. గేటు పైనున్న రీడరు 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలను కురిపిస్తుంది. చిప్పు ఆ తరంగం నుంచే శక్తి తీసుకుని, దాన్నే కొద్దిగా మార్చి తిరగగొడుతుంది. ఆ మార్పులోనే నంబరు ఉంటుంది. కొన్ని మీటర్ల దూరం దాటితే వినపడదు. అంటే ఆ రాత్రి రీడరుకు తెలిసింది మీ స్టిక్కరు అక్కడికి వచ్చిందని. ఆ స్టిక్కరు అతికి ఉన్నది మీ బండికేనా, నడిపేది మీరేనా అన్నది దానికి తెలియదు. దొంగ ఏ డాబా దగ్గరో ఆగి స్టిక్కరు గీకేస్తే అక్కడితో ఆ జాడ తెగిపోతుంది.

అయినా మీరు అడిగిన దానిలో గొప్ప సంగతి ఉంది. గేటు దగ్గర ఆ నంబరు విన్న వెంటనే యంత్రం దాన్ని నిలుపుదల జాబితాతో పోల్చి చూస్తుంది. డబ్బు లేనివి, ఆపేసినవి ఆ జాబితాలో ఉంటాయి. కాబట్టి వినే పరికరం కొత్తగా అక్కర్లేదు. పోల్చే పని కూడా నేర్పనక్కర్లేదు. మీ ఫిర్యాదు నిమిషాల్లో అక్కడికి చేరాలి, చేరాక గేటు దగ్గర హడావుడి లేకుండా సమీప గస్తీ బండికి కబురు పోవాలి. గేటులో కూర్చున్న పిల్లవాడు దొంగకు ఎదురు నిలవాలని నేను ఎన్నటికీ అనను. అతని చేతిలో లాఠీ కూడా ఉండదు.

ఇక మీ అబ్బాయి చెప్పినది. దాన్ని వీటూఎక్స్ అంటారు. బండి చుట్టూ ఉన్న బండ్లతోనూ, రోడ్డు పక్క స్తంభాలతోనూ రేడియోలో మాట్లాడే పద్ధతి. అమెరికాలో దీనికోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ వెడల్పును 1999లోనే కేటాయించారు. తరువాత 2020లో అందులో 45 మెగాహెర్ట్జ్ వైఫై వంటి వాడకాలకు ఇచ్చి, 30 మిగిల్చారు. ప్రతి బండీ సెకనుకు సుమారు పదిసార్లు "ఇక్కడున్నాను, ఇంత వేగంతో ఇటు పోతున్నాను" అని చాటుతుంది. అడ్డంకి లేకపోతే కొన్ని వందల మీటర్ల దాకా వినపడుతుంది. మలుపు అవతల ఆగిన లారీని ముందే చెప్పడం, అంబులెన్సుకు దారి ఇప్పించడం దీని ముఖ్యమైన పనులు.

ఇది మొదటినుంచీ ప్రమాదాలు తప్పించడానికి పుట్టింది. దొంగను పట్టడానికి కాదు. ఇంకొక మాట చెబితే ఆశ్చర్యపోతారు. ఆ చాటింపులో బండి నంబరు ఉండదు. కావాలనే పెట్టలేదు. ప్రతి మాటకూ ఒక డిజిటల్ సంతకం ఉంటుంది, మాట నిజమైన పరికరం నుంచి వచ్చిందో లేదో తేల్చడానికి. కానీ ఆ సంతకం కింద ఉన్న మారుపేరు కొంత సేపటికొకసారి మారిపోతూ ఉంటుంది. ఎందుకంటే రోడ్డు పక్కన నాలుగు రేడియోలు పెట్టుకున్న ఎవడైనా ఒక మనిషి ఇంటినుంచి బయల్దేరి ఎక్కడెక్కడ తిరిగాడో గీత గీయగలడు. అది జరగకూడదని ఈ ఏర్పాటు. మామూలు రోజుల్లో మనల్ని కాపాడే ఈ గోప్యతే దొంగ చేతిలో బండి ఉన్నప్పుడు వాడినీ దాస్తుంది.

దీనికి పాత దారి ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. లోజాక్ అని, అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1986లో మొదలైంది. బండిలో ఒక రేడియోను దాచిపెడతారు. అది మామూలుగా నోరు విప్పదు, వింటూ ఉంటుంది. బండి పోయిందని ఫిర్యాదు రాగానే పోలీసుల రేడియో స్తంభాలు 173.075 మెగాహెర్ట్జ్ మీద ఆ బండి సంకేతాన్ని పిలుస్తాయి. తన సంకేతం వినగానే దాచిన రేడియో జవాబు మొదలుపెడుతుంది. గస్తీ కార్లలోని యాంటెన్నాలు ఆ జవాబు ఎటునుంచి వస్తోందో చూసుకుంటూ వెళ్తాయి. ఉపగ్రహాలతో పని లేదు కాబట్టి షెడ్డు లోపల దాచిన బండి నుంచి కూడా ఆ పిలుపు బయటికి వచ్చే అవకాశం ఉంది.

ఇందులోని తెలివి గమనించండి. పోయిన బండి ఒక్కటే మాట్లాడుతుంది, మిగతా అందరి రాకపోకలూ వాళ్ల దగ్గరే ఉంటాయి. రోడ్డు పక్క స్తంభాలు మనకు వచ్చే నాటికి అడగవలసింది ఇదే. స్తంభం ప్రతి బండినీ "నువ్వెవరు?" అని అడగకూడదు. పోయిన బండి రహస్య సంకేతాన్ని మాత్రమే పిలవాలి, ఆ బండిలోని పరికరం మాత్రమే పలకాలి. ఆ పిలుపు మీద కూడా సంతకం ఉండాలి. లేకపోతే ఏ ఆకతాయి అయినా దొంగ పిలుపు పంపి ఊరంతా కలకలం రేపుతాడు. మెకానిక్ అన్న ఇంజను గురించి చెప్పింది అక్షరాలా నిజం. దూరం నుంచి పరుగెత్తే బండిని ఆపే అధికారం రేడియోకు ఇవ్వకూడదు.

మీ ట్రాలీకి వచ్చేసరికి, తాళంచెవిలో చిప్పు ఉన్న బండి దొరికితే అదే కొనండి. చెవిలోని చిప్పు సరైన జవాబు ఇస్తే తప్ప ఇంజను కదలదు. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఈ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. బటను నొక్కితే స్టార్టయ్యే కార్లు ఉన్నవాళ్లకు వేరే బెడద ఉంది. ఇంటి లోపలున్న తాళంచెవి సంకేతాన్ని ఇద్దరు దొంగలు చెరొక పరికరంతో కారు దాకా చేరవేస్తారు. రాత్రి తాళంచెవిని మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పెట్టుకోవడం మంచిది.

కరీంనగర్ విశ్రాంత హెడ్ కానిస్టేబుల్ (జవాబు)

రైతు తమ్ముడికి. ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ శాఖలో పనిచేశాను. నీ ఫిర్యాదు మధ్యాహ్నం దాకా నమోదు కాకపోవడం తప్పు. అది ఏ ఠాణా అయినా తప్పే. బాధగా ఉంది.

ఒక సంగతి నీకు కష్టం కలిగిస్తుందని తెలిసీ రాస్తున్నాను, తరువాతివాళ్లకు పనికొస్తుంది కాబట్టి. ట్యాగును ఆపేయించడం తొందరపాటు. అందరూ అదే చేస్తారు, ఇంకా డబ్బు పోతుందన్న భయంతో. కానీ ఆపేసిన ట్యాగు మీద టోలు కట్టడం జరగదు, కట్టడం జరగకపోతే నీ ఫోనుకు సందేశం రాదు. మూడో గేటు, నాలుగో గేటు దగ్గర ఆ బండి ఎటు తిరిగిందో చెప్పే ఒకే ఒక్క చెవి అది. లక్షల బండి కోసం నూరో రెండు నూర్లో పోనివ్వాలి. వీలైతే ఖాతాలో ఇంకొంత వేయాలి. ప్రతి సందేశాన్నీ వచ్చిన నిమిషంలోనే 112కు చెప్పాలి. కేసు చూసే అధికారికి చెప్పి, ఆయన సరేనన్నాక మాత్రమే ట్యాగు ఆపించాలి.

రెండో మాట. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఏ ఠాణా పరిధిలో జరిగిందన్న దానితో పని లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపవచ్చు, మూడు రోజుల లోపు వెళ్లి సంతకం చేయాలి. కాబట్టి "మా పరిధి కాదు" అన్న మాట వినిపిస్తే ఈ సెక్షను పేరు చెప్పు, గొంతు పెంచనక్కర్లేదు.

ఇంజనీరు బాబు రేడియో గురించి చెప్పాడు. నేను నంబరు పలక గురించి చెబుతాను. దొంగ మొదట మార్చేది అదే. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ పలకలు వస్తున్నాయి. అశోక చక్రం హోలోగ్రాము, లేజరుతో చెక్కిన పది అంకెల గుర్తు, ఒకసారి విప్పితే మళ్లీ పనికిరాని తాళం ఉంటాయి. ముందు అద్దం లోపల మూడో గుర్తుగా ఒక స్టిక్కరు కూడా ఉంటుంది. పాత ట్రాలీ కొనేటప్పుడు ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా, ఛాసిస్ మీద కొట్టిన అంకెలు ఆర్‌సీతో కలుస్తున్నాయా చూడు. ఛాసిస్ దగ్గర కొత్త రంగు వేసి ఉంటే బేరం అక్కడే ఆపు. ఇంకొకరి ఏడుపు నీ ఇంటికి తెచ్చుకోవద్దు.

గేటు దగ్గర కెమెరా చూసేది దొంగ బిగించిన పలకను. రీడరు వినేది దొంగ మరిచిపోయిన స్టిక్కరును. ఈ రెండు నంబర్లూ వేరువేరుగా ఉన్న క్షణంలోనే గంట మోగాలి. నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటి పరికరాలు లేవు, రాత్రంతా టార్చిలైటుతో ఛాసిస్ అంకెలు వెతికేవాళ్లం. ఇప్పుడు రెండు చేతుల్లోనూ ఆధారాలు ఉన్నాయి. వాటిని కలిపి చూడకపోవడం నాకు మింగుడుపడదు.

బీమా సంగతి. సమగ్ర పాలసీ ఉంటే రెండు తాళంచెవులూ, ఎఫ్‌ఐఆర్ నకలూ, బండి దొరకలేదని పోలీసులు కోర్టుకు ఇచ్చే తుది నివేదికా అడుగుతారు. పోలీసు ఫిర్యాదు వెంటనే చేసి ఉంటే, బీమా సంస్థకు ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో సొమ్ము నిరాకరించకూడదని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఎవరైనా అలా తిప్పి పంపితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లు.

ములుగు ఉపాధ్యాయిని (జవాబు)

అందరూ నాలుగు చక్రాల గురించే మాట్లాడుతున్నారు. ద్విచక్ర వాహనానికి టోలూ లేదు, ఫాస్టాగూ లేదు. రోడ్డు పక్క ఏ రీడరూ దాన్ని వినదు. మా వీధిలో ఏడాదిలో మూడు పోయాయి, మూడూ రోజూ పనికి వెళ్లేవాళ్లవే.

నేను స్కూటీ సీటు లోపలి పొరలో చిన్న బ్లూటూత్ ట్యాగు ఒకటి పెట్టుకున్నాను. బొత్తాం బ్యాటరీ ఒక ఏడాది దాకా వస్తుంది. సిమ్ము అక్కర్లేదు. పక్కనుంచి వెళ్లేవాళ్ల ఫోన్లలో ఆ ట్యాగుకు సరిపడేది ఏదైనా దాని పలుకు విని, ఆ చోటును నాకు చేరవేస్తుంది. మొన్నటి మేడారం జాతరలో ఇది నిజంగా పనికొచ్చింది. తాడ్వాయి వైపు పొలంలో బండ్లు నిలిపాము. తిరిగి వచ్చేసరికి వేల బండ్ల మధ్య నాది కనిపించలేదు. ఎవరో పక్క పొలంలోకి నెట్టారు. చుట్టూ అన్ని ఫోన్లు ఉన్నాయి కాబట్టి ట్యాగు చోటు తెలిసింది, దగ్గరికి వెళ్లాక మోత మోగించి పట్టుకున్నాను. అదే మా ఊరి అడవి దారిలో, మనుషులు లేని చోట, ఇది దాదాపు మూగది. ఇంకొక లోటు కూడా ఉంది. తెలియని ట్యాగు తనతో తిరుగుతోందని దొంగ ఫోనుకు హెచ్చరిక వెళ్తుంది. ఆడపిల్లల వెంట రహస్యంగా ట్యాగు పెట్టి తిరగకుండా ఆ ఏర్పాటు చేశారు, అది ఉండాల్సిందే. దొంగ దాన్ని చూసేలోగా మనం కదలాలి.

ఇంజనీరు గారూ, మీరు గోప్యత గురించి రాసిన పేరా మా పదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. ఒక అమ్మాయి లేచి, "పోయిన బండినే పిలుస్తామంటున్నారు సరే, పోయిందని అబద్ధం చెప్పి భార్య బండినో కూతురి బండినో పిలిపిస్తే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కాజీపేట రేడియో ఇంజనీరు (జవాబు)

టీచర్ గారూ, ఆ అమ్మాయి అడిగింది ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. పిలిచే మీట ఎవరి ఫోనులోనూ ఉండకూడదు, యజమాని ఫోనులో కూడా. ఎఫ్‌ఐఆర్ సంఖ్య పడితే తప్ప పిలుపు బయల్దేరకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏ సంఖ్య మీద పిలిపించారో చెరపలేని నమోదు ఉండాలి. జవాబుగా వచ్చిన చోటు పోలీసులకు మాత్రమే కనిపించాలి, ఫిర్యాదు చేసినవారికి కాదు. అబద్ధపు ఫిర్యాదు అని తేలితే కేసు పెట్టాలి. రేడియో ఒక్కటే దీన్ని పరిష్కరించదు. ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి.

పరకాల మిర్చి రైతు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ దండం. మూడుసార్లు చదివాను, మా అబ్బాయి పక్కన కూర్చుని వివరించాడు.

పెద్దాయనా, ట్యాగు ఆపేయించడం గురించి మీరు రాసింది చదివి ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. నాలుగూ నలభైకి ఆపేయమన్నాను. అప్పటికి రెండో గేటు దాటి గంటన్నర కూడా కాలేదు. అయినా రాసి మంచిపని చేశారు. మా ఊళ్లో ట్రాలీలు ఉన్న తొమ్మిది మందినీ రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టి ఇదే మొదట చెప్పాను. ఫాస్టాగ్ సందేశం వస్తే గట్టిగా మోగేలా వాళ్ల ఫోన్లను మా అబ్బాయి సరిచేశాడు. ఇద్దరి ట్యాగులు బండి అమ్మినవాళ్ల ఫోను నంబరు మీదే ఉన్నాయని అప్పుడే తెలిసింది. వాటిని మార్పించే పని నడుస్తోంది.

మెకానిక్ తమ్ముడూ, కొత్త బండి రాగానే నీ దగ్గరికే తెస్తాను. రెండు డబ్బాలూ బిగించు. రెండోది ఎక్కడ పెట్టేదీ నాతోనే ఉంటుంది.

ఇంజనీరు గారు, పెద్దాయన చెప్పినవి కలిపి ఒక పేజీ అర్జీ రాశాం. ఫిర్యాదు నమోదైన నిమిషాల్లో ట్యాగు నంబరు టోల్‌గేట్ల జాబితాకు చేరాలని, పలక నంబరు, ట్యాగు నంబరు కలవకపోతే గస్తీ బండికి కబురు పోవాలని. టీచరమ్మ పాఠశాల అమ్మాయి అడిగిన దాన్ని కూడా చివర చేర్చాం, తప్పుడు ఫిర్యాదుతో ఎవరి బండినీ వెతికించకుండా కట్టుదిట్టం ఉండాలని. సోమవారం ప్రజావాణిలో కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. జాతీయ రహదారి తమ చేతిలో లేదని, పైకి పంపుతామని చెప్పారు. కరీంనగర్, నిర్మల్, ఆదిలాబాద్ వైపు వాళ్లు ఎవరైనా ఇలాగే ఇవ్వాలనుకుంటే ఆ కాగితం నకలు పంపుతాను.

నిన్న కేసు చూసే అధికారిని అడిగి, ఆయన సరేనన్నాక పాత ఫాస్టాగ్ మీద నిలుపుదల తీయించాను. ఖాతాలో ఐదు వందలు వేశాను. ఆ స్టిక్కరు ఎప్పుడో గీకేసి ఉంటారని మా అబ్బాయి అంటున్నాడు, నిజమే కావచ్చు. ఫోను మాత్రం మోత పెంచి తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను. ఏదైనా సందేశం వస్తే ఇక్కడే రాస్తాను.